నిమిషాల లెక్క

బార్బరా ఎరెన్‌రైక్ రాసిన 'నికెల్ అండ్ డైమ్డ్' నేను మొదటిసారి చదివింది ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో. సీనియర్ ఒకాయన హాస్టల్ ఖాళీ చేస్తూ వదిలేసిన పుస్తకాల్లో దొరికింది. అప్పుడు నాకు అందులో నచ్చింది ప్రయోగం. జీవశాస్త్రంలో డాక్టరేట్ ఉన్న ఒక రచయిత్రి, యాభై ఐదు దాటాక, తన చదువు సంగతి చాలావరకు చెప్పకుండా చిన్న జీతాల పనుల్లో చేరుతుంది. ఆ జీతంతోనే అద్దె కట్టుకుని, తిండి తిని బతకగలదా లేదా అని తేల్చుకోవడం ఆమె పని. ఇంత వచ్చింది, ఇంత పోయింది, మిగిలింది సున్నా. ల్యాబ్ రికార్డు చదివినట్టు చదివి, బాగుంది అనుకుని పక్కన పెట్టేశాను.

పోయిన ఏడాది మళ్ళీ చదవాల్సి వచ్చింది. ఎందుకో తర్వాత చెప్తాను. ఈసారి లెక్కలు నన్ను పెద్దగా ఆపలేదు. ఇరవై అయిదేళ్ళ కిందటి అద్దెలు, అప్పటి జీతాలు, పాతబడ్డాయి. పాతబడనిది మూడో అధ్యాయం, వాల్‌మార్ట్‌ది. మొదటిసారి చదివినప్పుడు నేను దాదాపు తిప్పేసిన పేజీలవి. హోటల్లో ప్లేట్లు మోయడంలో, ఇళ్ళు తుడవడంలో ఉన్న శారీరక కష్టం అక్కడ అంతగా కనిపించదు. ఏసీ హాల్లో బట్టలు సర్దే పనేగా అనుకున్నాను. డిస్కౌంట్ దుకాణాల్లో పనిచేయడం ఎలా ఉంటుందో చెప్పిన రచనల్లో ఈ అధ్యాయం ఎందుకు ముఖ్యమైనదో, ఎక్కడ పొరబడిందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు పుస్తకం సంగతి క్లుప్తంగా. 'హార్పర్స్' పత్రిక సంపాదకుడు లూయిస్ లాఫమ్‌తో భోజనం చేస్తూ మాట్లాడిన మాటల్లోంచి ఈ ఆలోచన పుట్టింది. 1998 నుంచి 2000 వరకు మూడు ఊళ్ళు: ఫ్లోరిడాలో హోటల్ సర్వర్, మెయిన్ రాష్ట్రంలో ఇళ్ళు తుడిచే పని, చివరికి మినియాపొలిస్‌లో వాల్‌మార్ట్. పుస్తకం 2001లో వచ్చింది. నికెల్, డైమ్ అంటే అమెరికాలో అయిదు, పది సెంట్ల నాణేలు. మనిషిని ఒక్కసారి దోచుకోకుండా చిల్లర చిల్లరగా గీకేయడం అన్నది ఆ పేరు అర్థం. పేరు డబ్బు గురించే. కానీ వాల్‌మార్ట్ అధ్యాయంలో చిల్లరగా గీకేది డబ్బు కన్నా ఎక్కువగా నిమిషాల్ని.

వాల్‌మార్ట్ మొదటి దుకాణం 1962లో ఆర్కన్సా రాష్ట్రంలోని రోజర్స్ అనే చిన్న ఊళ్ళో సామ్ వాల్టన్ తెరిచాడు. సూత్రం మన కిరాణా కొట్టు శెట్టిగారికి తెలియనిదేం కాదు. వస్తువు మీద తక్కువ లాభం, వస్తువులు మాత్రం చాలా ఎక్కువ. ఆ సూత్రం నిలబడాలంటే ప్రతి ఖర్చునీ పిండాలి. సరుకు తెచ్చేవాడిని పిండొచ్చు, గిడ్డంగిని పిండొచ్చు, లారీ తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా రాకుండా చూసుకోవచ్చు. ఇవన్నీ అయ్యాక మిగిలేది అరల మధ్య తిరిగే మనిషి. అక్కడ ఎరెన్‌రైక్ చేరింది.

చేరడమే ఒక తతంగం. మూత్ర పరీక్ష, వ్యక్తిత్వ పరీక్ష. నియమాల్ని అక్షరం పొల్లుపోకుండా ఎప్పుడూ పాటించాలా అన్న ప్రశ్నకి 'పూర్తిగా' ఒప్పుకుంటాను అనకుండా, 'గట్టిగా' ఒప్పుకుంటాను అని పెడుతుంది. మరీ అబద్ధంలా ఉండకూడదని. దానికే వివరణ ఇచ్చుకోవాల్సి వస్తుంది. తర్వాత ఎనిమిది గంటల పరిచయ కార్యక్రమం. అక్కడ పనివాళ్ళని 'అసోసియేట్లు' అంటారు, కొనేవాళ్ళు 'గెస్టులు', పై అధికారులు 'సేవక నాయకులు'. యూనియన్ ఎందుకు వద్దో చెప్పే వీడియో వేస్తారు. వీటితో పాటే ఒక కొత్త నేరం పేరు నేర్పుతారు. సమయ దొంగతనం. కంపెనీ జీతమిచ్చే సమయంలో కంపెనీ పని తప్ప ఏం చేసినా అది దొంగతనమే.

తన సమయాన్ని వాళ్ళు తీసుకోవడం మాత్రం దొంగతనం కాదు కాబోలు అని ఎరెన్‌రైక్ ఒక చురక వేసి ముందుకెళ్ళిపోతుంది. నాకేమో ఆ చురక దగ్గరే పుస్తకం మొత్తం ఉంది అనిపించింది. తర్వాత ఆమె రాసిన చిన్న చిన్న వివరాలన్నీ, ఆమె గమనించినా గమనించకపోయినా, దీని చుట్టూనే తిరుగుతాయి.

ఆమె పని ఆడవాళ్ళ బట్టల విభాగంలో. గంటకి 7 డాలర్లు. కొనేవాళ్ళు చూసి పడేసినవి, ట్రయల్ రూముల్లో వదిలేసినవి, వేరే విభాగాల్లోంచి తిరిగొచ్చినవి బండ్ల నిండా వస్తాయి. ఏది ఏ హ్యాంగర్‌కి, ఏ వరసలోకి పోవాలో వెతికి పెట్టాలి. కష్టపడి ఆ చోట్లన్నీ కంఠస్థం చేశాక, ఉన్నట్టుండి వరసలే మార్చేస్తారు. నేర్చుకున్నదంతా వృథా. ఇంట్లో పిల్లల వెనక తల్లులు చేసే పనినే ఇక్కడ తల్లులైన కస్టమర్ల వెనక తను చేస్తున్నానని ఆమె రాసిన చోట నవ్వొస్తుంది, ఆ నవ్వు కాసేపే.

విరామాల గురించి రాసిన భాగం చూడండి. ఇచ్చే పదిహేను నిమిషాల్లో కూర్చోవాలి, బాత్రూమ్‌కి వెళ్ళాలి, ఏదో ఒకటి తాగాలి, కాస్త బయటి గాలి పీల్చాలి. వీటిలో ఏ రెండు కలపొచ్చు, ఏది వదులుకోవాలి? దుకాణం ఒక చివర నుంచి ఇంకో చివరకి నడవడానికే కొన్ని నిమిషాలు పోతాయి. శాస్త్రవేత్తగా శిక్షణ పొందిన ఒక బుర్ర తన తెలివంతా ఈ పదిహేను నిమిషాల్ని పంచుకోవడానికి ఖర్చు చేస్తుంది. ఆప్టిమైజేషన్ అని మేం ఆఫీసులో గొప్పగా చెప్పుకునే పని ఇదే. ఇక్కడ అది ఒకావిడ కాళ్ళ నొప్పి మీద జరుగుతోంది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఆమె బ్యాడ్జి మీద పేరు 'బార్బ్'. చిన్నప్పుడు ఇంట్లో పిలిచిన పేరు. కొన్ని వారాలు గడిచేసరికి ఈ బార్బ్ అనే మనిషి బార్బరా కన్నా చిరాకు మనిషి, కుళ్ళు మనిషి అయిందని ఆమె తనే కనిపెడుతుంది. బట్టలు చిందరవందర చేసే కస్టమర్ల మీద కసి, తోటి పనివాళ్ళ మీద అనవసరపు కోపం. వాళ్ళ నాన్న మోంటానాలోని బ్యూట్ అనే ఊళ్ళో రాగి గనుల్లో పనిచేసి, చదువుకుని పైకొచ్చినవాడు. ఆయన అలా బయటపడి ఉండకపోతే తను ఈ బార్బ్‌గానే మిగిలేదేమో అన్న అనుమానం ఆమెకొస్తుంది. చాలామంది సమీక్షకులు ఈ పుస్తకాన్ని జీతాలు, అద్దెల గురించిన పుస్తకంగానే మెచ్చుకున్నారు. నా దృష్టిలో దాని అసలు సాక్ష్యం ఇది. తక్కువ జీతం మనిషిని పేదగా ఉంచుతుంది, అది తెలిసిందే. నిమిషానికి నిమిషం లెక్క చెప్పుకోవాల్సి రావడం మనిషి స్వభావాన్నే మార్చేస్తుంది, అదీ కొన్ని వారాల్లో. పరిశోధకురాలు తన మీద తనే ఈ ఫలితాన్ని నమోదు చేసింది. అలా చేయడానికి ఆమె ముందుగా అనుకోలేదు, అందుకే నమ్ముతాను.

ఇక లోపాలు. మొదటిది అందరికీ తెలిసిందే, ఆమే ఒప్పుకుంది. ఆమెకి తలుపు తెరిచే ఉంది. ఏ రోజు కావాలంటే ఆ రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు. రెండోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. తోటి పనివాళ్ళు ఆమె పక్క నుంచి నడిచిపోతున్నప్పుడు మాత్రమే కనిపిస్తారు. ఒకమ్మాయి మరకపడిన టీ షర్టు ఒకటి పట్టుకుని వస్తుంది. ధర తగ్గించి 7 డాలర్లకి పెట్టారు. ఇంకా తగ్గుతుందా అని ఆ అమ్మాయి ఆశ. గంటంతా నిలబడి సంపాదించేది ఎంతో, ఆ మరక చొక్కా ధర కూడా అంతే. ఎంత గొప్ప దృశ్యం! కానీ ఆ అమ్మాయి ఇంటికి ఎలా వెళ్తుంది, ఇంట్లో ఎవరున్నారు, పడుకునే ముందు ఏమనుకుంటుంది? ఆమెతో పాటు పుస్తకం బయటికి వెళ్ళదు. దృశ్యం రచయిత్రి కోపానికి ఉదాహరణగా మిగిలిపోతుంది.

ఆ బయటికి వెళ్ళిన పని మనకు తెలిసిన ఒక సినిమా చేసింది. వసంతబాలన్ తమిళంలో తీసిన 'అంగాడి తెరు' 2010లో వచ్చింది, తెలుగులో 'షాపింగ్ మాల్' పేరుతో చూశాం. చెన్నై టి. నగర్‌లోని రంగనాథన్ వీధిలో ఒక పెద్ద బట్టల దుకాణం. పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చి పనిలో పెడతారు. సూపర్‌మార్కెట్ కాదు, అమెరికా అసలే కాదు, అయినా వరసగా మడతపెట్టిన బట్టల మధ్య పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే కాళ్ళు అవే. ఎరెన్‌రైక్‌కి దొరకనిది ఇక్కడుంది. వాళ్ళు పడుకునే హాలు, తోసుకుంటూ తినే అన్నం, అలాంటి చోట కూడా పుట్టే ప్రేమ. లింగు, కని అనే ఆ ఇద్దరికీ తెరిచిన తలుపు లేదు. ఒక రాత్రి పేవ్‌మెంట్ మీద నిద్రపోవాల్సి వచ్చినప్పుడు ఏం జరిగిందో చూసినవాళ్ళెవరూ మర్చిపోయి ఉండరు.

సినిమా బలహీనత కూడా అక్కడే ఉంది. దానికొక దుర్మార్గుడు కావాలి. కొట్టే సూపర్‌వైజర్, చెయ్యి వేసే సూపర్‌వైజర్. వాడి మీద మనకు కోపం వస్తుంది, హాల్లోంచి బయటికొచ్చేసరికి ఆ కోపం వాడి దగ్గరే ఆగిపోతుంది. మన దుకాణాల్లో అలాంటివాళ్ళు లేరని కాదు. వాడు లేకపోతే అంతా సవ్యంగా ఉండేదేమో అన్న భ్రమ మిగులుతుంది. ఎరెన్‌రైక్ వాల్‌మార్ట్‌లో కొట్టేవాడు లేడు. పై అధికారులు కొందరు మంచివాళ్ళే. అక్కడ పని చేసేది ఒక వీడియో, ఒక నియమాల పుస్తకం, సమయ దొంగతనం అనే ఒక మాట. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఎరెన్‌రైక్ చెప్పిందే నాకు ఎక్కువ భయం పుట్టించింది.

ఎందుకంటే ఆ వీడియో తర్వాతి మెట్టు నేను రాశాను. ఈ పుస్తకం మళ్ళీ ఎందుకు చదవాల్సి వచ్చిందో చెప్తానన్నాను కదా, అది ఇదే.

మా కంపెనీకి ఒక క్లయింట్ ఉండేది, తక్కువ ధరల సూపర్‌మార్కెట్ల సంస్థ. బిల్లింగ్ కౌంటర్ల డేటాతో ఒక రిపోర్ట్ చేయాలి. నిమిషానికి ఎన్ని వస్తువులు స్కాన్ అయ్యాయి, ఏ క్యాషియర్ వేగం ఎంత, ఖాళీ సమయం ఎంత. ఖాళీ సమయానికి నిర్వచనం నేనే రాశాను. రెండు స్కాన్ల మధ్య ఎనిమిది సెకన్లు దాటితే, దాటినదంతా ఖాళీ. ఎనిమిదే ఎందుకు అని అడిగినవాళ్ళు లేరు. గ్రాఫ్‌లో వంపు అక్కడ తిరిగింది, అంతే. నాలుగు లైన్ల క్వెరీ. రివ్యూలో 'నీట్‌గా ఉంది' అన్నారు.

రిపోర్టులో అంకెలు ఒకచోట తేడాగా ఉన్నాయని సరిచూడటానికి హైదరాబాద్‌లోనే ఒక స్టోర్‌కి పంపించారు. శనివారం సాయంత్రం, నెల మొదటి వారం. ఒక కౌంటర్ పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని నిలబడ్డాను. పెసరపప్పు ప్యాకెట్ మీద బార్‌కోడ్ మడతపడింది, ఆ అమ్మాయి వేలితో సాగదీసి మూడుసార్లు చూపించింది. పదకొండు సెకన్లు. ఒక పెద్దావిడ కొంగు ముడి విప్పి చిల్లర లెక్కపెట్టింది. యాభై సెకన్ల పైనే. ఒకాయన ఫోన్‌లో డబ్బులు కొట్టాడు, వచ్చినట్టు మోగలేదు. ఆయన తన ఫోన్ చూపిస్తాడు, ఈమె తన స్క్రీన్ చూపిస్తుంది. రెండు నిమిషాలు దాటింది. ఇదంతా నా క్వెరీలో ఆ అమ్మాయి ఖాళీగా కూర్చున్న సమయం.

కూర్చున్న అన్నాను గానీ, అక్కడ స్టూల్ లేదు. లైన్ కాస్త పల్చబడ్డాక అడిగాను.

"కూర్చోడానికి ఏం ఇవ్వలేదా అమ్మా?"

"ఉండె సార్. కూసుంటే స్లో అయితున్నరని తీసేసిన్రు." కాసేపాగి, "మీరు హెడ్డాఫీసా సార్?" అంది.

"కాదు, సాఫ్ట్‌వేర్."

"పొద్దుగాల మీటింగుల పేర్లు చదువుతరు సార్. కింద నుంచి చదువుతరు. పేమెంట్ రాకపోతే గూడ నా టైమే పోతది. జర మీరన్న చెప్పున్రి."

చెప్పాను. నిజంగానే చెప్పాను. డబ్బు కట్టే సమయాన్ని ఖాళీ సమయంలోంచి తీసేయాలని నోట్ రాశాను. క్లయింట్ వెంటనే ఒప్పుకున్నారు. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నారేంటని ఆశ్చర్యపోయాను కూడా. మార్పు చేశాక అందరి వేగమూ కాగితం మీద పెరిగింది. సగటు పెరిగింది కాబట్టి తర్వాతి త్రైమాసికానికి లక్ష్యం పెంచారు. మీటింగ్‌లో పేర్లు మళ్ళీ కింద నుంచే చదివి ఉంటారు. ఆ అమ్మాయికి నేను చేసిన సాయం అది.

సరిగ్గా ఆ వారమే అల్మారాలోంచి ఎరెన్‌రైక్‌ని తీశాను. ఇప్పుడు చదువుతుంటే ఆ పరిచయ కార్యక్రమం నాకు పాతకాలపు మర్యాదలా కనిపించింది. కనీసం అక్కడ ఒక మనిషి ముందుకొచ్చి, సమయ దొంగతనం అని నోరు తెరిచి చెప్పాడు. విన్నవాళ్ళు లోపల నవ్వుకోగలిగారు, బ్రేక్ రూంలో తిట్టుకోగలిగారు. నా ఎనిమిది సెకన్లు ఎవరికీ చెప్పిన మాట కాదు. ఆ అమ్మాయికి తెలిసింది వరసలో తన పేరు ఎక్కడుందన్నది మాత్రమే. 'షాపింగ్ మాల్' సూపర్‌వైజర్‌కి ముఖం ఉంది. వాల్‌మార్ట్ నియమానికి ముఖం లేకపోయినా మాట ఉంది. నా క్వెరీకి రెండూ లేవు.

అయితే ఆ నిమిషాల్ని ఎవరూ తిరిగి అడగలేరా అంటే, అడిగారు. ఎరెన్‌రైక్ పనిచేసిన మినసోటా రాష్ట్రంలోనే వాల్‌మార్ట్ పనివాళ్ళు కోర్టుకెళ్ళారు. ఇవ్వాల్సిన విరామాలు ఇవ్వలేదని 2008లో న్యాయమూర్తి తేల్చాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో కంపెనీ 5 కోట్ల 40 లక్షల డాలర్ల పైచిలుకుకి రాజీపడింది. అంటే ఎవరు ఎవరి సమయాన్ని దొంగిలించారన్న ప్రశ్నకు పుస్తకంలో చురకగా ఆగిపోయినదానికి, ఏడేళ్ళ తర్వాత ఒక కోర్టు జవాబు చెప్పింది. ఆ జవాబు రాబట్టినవాళ్ళు పుస్తకంలో పక్క నుంచి నడిచిపోయినలాంటి వాళ్ళే.

మన దగ్గర ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. కోళికోడ్ మిఠాయి తెరువులో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు, టైలర్‌గా పనిచేసిన విజి మొదలుపెట్టిన 'పెణ్‌కూట్టు' అనే సంఘంతో కలిసి, ముందు బాత్రూమ్ కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించి పనివాళ్ళకి కూర్చునే వీలు కల్పించాలని చెప్పింది. 2021లో తమిళనాడు, రంగనాథన్ వీధి ఉన్న రాష్ట్రం, అలాంటి సవరణే చేసింది. ఒక స్టూల్ కోసం చట్టసభ కదలాల్సి వచ్చింది.

చివరి మాటగా, పుస్తకం చివరి మాట గురించి. ఈ పేద పనివాళ్ళే సమాజానికి అసలైన దాతలు, వాళ్ళ లేమి వల్లే మిగతావాళ్ళకి చవకగా, సుఖంగా సాగుతోంది అంటుంది ఎరెన్‌రైక్. మొదటిసారి చదివినప్పుడు ఈ వాక్యం కింద గీత గీసుకున్నాను, పెన్సిల్ గుర్తు ఇంకా ఉంది. ఇప్పుడు ఆ మాటతో పేచీ ఉంది నాకు. దానం అంటే ఇచ్చేవాడికి ఇస్తున్నానని తెలియాలి, ఇవ్వనని అనే వీలుండాలి. బార్బ్‌కి అలాంటి వీలు లేదు, అందుకే ఆమెకు అంత కోపం. ఆ అధ్యాయం రాసిన చెయ్యే ఈ ముగింపు రాయడం నాకు అర్థం కాలేదు. దాత అన్నప్పుడు మనం కృతజ్ఞత చెప్పి బయటపడొచ్చు. తీసుకున్నాం అన్నప్పుడు ఎంత తీసుకున్నామో లెక్క చెప్పాల్సి వస్తుంది. నిజమైన ముగింపు ఆ మూడో అధ్యాయంలోనే ఉంది, చిరాకు మనిషిగా మారిపోయిన ఒక ఆడమనిషి బ్యాడ్జి మీద.

ఆ ప్రాజెక్ట్ మా చేతుల్లోంచి వేరే టీమ్‌కి వెళ్ళిపోయింది. ఎనిమిది సెకన్ల లైన్ ఇంకా అందులోనే ఉంది. పక్కన కామెంట్‌లో నా పేరు కూడా ఉంది. నెల సరుకులకి మేం ఇప్పటికీ చవక దుకాణానికే వెళ్తాం, కిలో పప్పు మీద పదిహేను రూపాయలు తగ్గితే ఆనందపడతాం. మొన్న లైన్లో నా ముందున్నాయన కార్డ్ రెండుసార్లు పని చేయలేదు. వెనకాల ఎవరో "తొందరగా కానీయమ్మా" అని ఆ క్యాషియర్‌ని గదమాయించారు. నేను మనసులో సెకన్లు లెక్కపెడుతున్నాను. ఎనిమిది దాటగానే ఆపేశాను.